మూడో ఎనిమిది

6 సెప్టెంబర్ 2013, శుక్రవారం
ఖమీస్ ముషైత్, సౌదీ

పాత నోటుబుక్ నిండిపోయింది. ఇది రెండోది. ఇందులో కూడా పత్తాల సంగతులే, అంటే పేకాట సంగతులే రాయాలి, అదీ నడిమి జతల గురించే. ఇంటి సంగతులు, కంపెనీ సంగతులు రాస్తే నోటుబుక్ పాడవుతుంది.

ముందుగా సూత్రం మళ్లీ దించుకుంటున్నాను. మనిషికి రెండు ముక్కలు. దుప్పటి మధ్యలో ఐదు ముక్కలు పరుస్తారు, మొదట మూడు ఒకేసారి, తర్వాత ఒకటి, చివర ఒకటి. అన్నీ కలిపి ఎవరికి మంచివి కుదిరితే ఆట వాళ్లది. హద్దు లేదు, ఎవడైనా ఎప్పుడైనా తన ముందున్నదంతా తోసేయొచ్చు. చేతిలో ఏడుల నుంచి పదుల దాకా జత వస్తే అది నడిమి జత. చూడటానికి ముద్దొస్తుంది, మనిషిని నిలువునా ముంచుతుంది. నా పద్ధతి ఇది: తక్కువలో లోపలికి పో. మధ్యలో మూడోది పడితే అంతా పెట్టెయ్. మూడోది రాక పెద్ద ముక్కలు పడితే ఏడవకుండా పడెయ్.

ఇది నేర్పింది ఉదయకిరణ్. కాకినాడ పిల్లగాడు, ఆఫీసులో కాగితాలు చూస్తాడు. నేర్పిన మూడో వారానికే వాణ్ణి ఓడించాను.

మేం పైసలు పెట్టం. పెడితే క్యాంప్ బాస్ మొదటి విమానం ఎక్కిస్తాడు. టైల్స్ మధ్య పెట్టే ప్లాస్టిక్ ప్లస్సులు తలా యాభై. శుక్రవారం పొద్దున ఆట. ముందు ఓడినవాడు ఆ మధ్యాహ్నం నలుగురికీ వండాలి. ఏప్రిల్ నుంచి నేను ఒక్క శుక్రవారం కూడా గరిటె పట్టలేదు. ఈ రోజు కూడా భూమేష్ అన్నే వండాడు.

భూమేష్ అన్నది మా ఊరి పక్క ఊరే, ఆరు కిలోమీటర్లు. పంతొమ్మిదేళ్లుగా ఇక్కడ ఏసీ పని. నాకు పని నేర్పింది ఆయనే. పనిలో ఎంత మొనగాడో పత్తాల్లో అంత అమాయకుడు. రెండు, ఏడు లాంటి చెత్త వచ్చినా చివరిదాకా వస్తాడు. "ముక్కలు మనల్ని నమ్మి అచ్చినయ్ తమ్మీ, నడుమల ఎట్ల పడేస్తం?" అంటాడు.

గదిలో రెండు నియమాలు, రెండూ ఆయన పెట్టినవే. ఓడినవాడు ముక్కలు చూపించక్కర్లేదు, బోర్లా పడేస్తే వాటిని ఎవరూ తిప్పకూడదు. ఓడినోని పరువు తియ్యొద్దని ఆయన మాట. రెండోది, దుప్పటి మీద తేలినదాని మీద మళ్లీ మాట లేదు. కిటికీ పక్క మంచం ఎవరిదో కూడా అలాగే తేల్చుకున్నాం. ఆ మంచం నాదే.

10 సెప్టెంబర్

కంపెనీ సంగతి రాయనన్నాను, కానీ ఇది రాయాలి. మా కంపెనీ రంగు ఎరుపని ఉదయకిరణ్ కంప్యూటర్‌లో చూశాడు. నితాఖత్ అనే కొత్త చట్టం లెక్కకు మా దగ్గర సౌదీవాళ్లు చాలినంతమంది లేరట. ఎరుపు పడితే ఇఖామాలు, అంటే ఇక్కడ ఉండే పర్మిట్లు, రెన్యూ కావు. నవంబర్ మూడు లోపల ఇంకో కఫీల్ కిందికి, అంటే వీసా ఇచ్చే ఇంకో యజమాని కిందికి మారాలి, లేకపోతే ఎగ్జిట్ కొట్టించుకుని ఇంటికి పోవాలి. ఆ తర్వాత చిక్కితే జైలు.

గదిలో నాలుగో మనిషి చెంచయ్యకు బాధ లేదు. ఆయనది కఫీల్ ఇంటి డ్రైవర్ వీసా. ఉదయకిరణ్‌కు హైదరాబాద్‌లో ఉద్యోగం చూసి పెట్టారట, సంతోషంగా పోతాడు. మిగిలింది నేనూ, భూమేష్ అన్న.

నాకు భయం లేదు. ఏసీలు అంతగా అక్కర్లేని ఈ చల్లటి ఊళ్లో ఏసీ పని చేసి బతికినవాణ్ణి, ఎక్కడైనా బతుకుతాను.

17 సెప్టెంబర్

నా భార్య భాగ్యలక్ష్మి ఫోన్. సూపర్‌వైజర్ పని ఎట్లున్నదని అడిగింది. తీరిక దొరకడం లేదన్నాను. అబద్ధం కాదు, ఈ రోజు బడి పైకప్పు మీద పదకొండు ఏసీలు కడిగాను.

మే నెలలో ప్రమోషన్ అని చిన్న మాట అన్నాను. అది అలా ఉండిపోయింది. త్వరలో నిజంగానే అవుతాను, అప్పుడు లెక్క సరిపోతుంది.

24 సెప్టెంబర్

దిలావర్ భాయ్ ఫోన్ చేశాడు. పోయినేడు దాకా మా ఫోర్‌మన్, పాకిస్తానీ. ఇప్పుడు జిద్దాలో, బలద్ అనే పాత బజారు దగ్గర హోటళ్లకు ఏసీలు చూసే కంపెనీలో ఉన్నాడు. ఆ కంపెనీ రంగు ఆకుపచ్చ. ఒక మనిషిని తీసుకుంటారు, ఒక్కణ్ణే. "తుమ్ దోనో మేరే లియే బరాబర్ హో, ఆపస్ మే ఫైసలా కర్ లో" అన్నాడు. ఇద్దరూ తనకు ఒకటే, మేమే తేల్చుకోవాలి. పేరు, ఇఖామా కాపీ అక్టోబర్ ఇరవై ఆరుకల్లా పంపాలి.

జిద్దా! అక్కడ ఏసీ ఒక గంట ఆగితే మనిషి ఉడికిపోతాడు. మెకానిక్కును నెత్తిన పెట్టుకుంటారు.

భూమేష్ అన్న నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను. ఇద్దరం చాయ్ తాగాం.

27 సెప్టెంబర్, శుక్రవారం

నేనే అన్నాను. "అన్నా, పత్తాల మీద తేల్చుకుందాం. నువ్వూ నేనే. తలా యాభై ప్లస్సులు. గెలిచినోడు జిద్దా, ఓడినోడు ఇంటికి."

ఆయన దుప్పటి అంచు సర్దాడు. "సరె తమ్మీ. కొట్లాడుకునుడు కంటె అది నయం" అన్నాడు. బక్రీద్ సెలవుల్లో, అక్టోబర్ పద్దెనిమిదిన అనుకున్నాం.

ఇంతకంటే న్యాయమైన పద్ధతి ఏముంది? వయసు చూస్తే ఆయన బాధపడతాడు, పని చూస్తే నేను బాధపడతాను. పత్తాలకు నువ్వెవరో నేనెవరో తెలియదు. సగం సగం.

3 అక్టోబర్

సగం సగమే.

5 అక్టోబర్

పాత నోటుబుక్ తిరగేశాను. ఏప్రిల్ నుంచి ఇరవై ఆరు శుక్రవారాల్లో భూమేష్ అన్న పంతొమ్మిది సార్లు వండాడు. నేను సున్నా. చదువుకుంటుంటే కడుపు నిండింది.

ఉదయకిరణ్‌కు చూపించాను. వాడు నవ్వలేదు. "బ్రదర్, ఒక మాట అంటాను, ఫీల్ అవ్వకండి. ముక్కలు ఫోల్డ్ చేసి పడేయడమే తెలియని మనిషితో దీనికి ఆడటం ఫెయిరేనా?"

నాకు ఒళ్లు మండింది. "నేనేమన్న ఆయన మెడ మీద కత్తి పెట్టిన్నా? ఒప్పుకుండు గద!" అని గట్టిగా అరిచాను. వాడు చెవుల్లో వైర్లు పెట్టుకున్నాడు. ఆఫీసు పిల్లలకు పని తక్కువ, నీతులు ఎక్కువ.

12 అక్టోబర్

మధ్యాహ్నం భూమేష్ అన్న ముత్యవ్వ వదినతో ఫోన్ మాట్లాడాడు. ఆయనకు చెవి కొంచెం మందం, ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే పెడతాడు. నేను గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాను.

వదిన ముప్పై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. దగ్గు ఆగడం లేదట. దవాఖానల తంబాకు బంద్ చెయ్యమన్నరట. "ఈ దీపావళి నుంచి బీడీల చాట ముట్టనీయనన్నవ్ గద. యాదున్నదా?" అని అడిగింది.

"ఉన్నది" అన్నాడు ఆయన. "జిద్దా పని దొరికితె అదే రోజు చాట పొయ్యిల పెట్టు."

"దొరకకుంటె?"

"నలబై ఏడేండ్లోనికి ఇంకో వీసా ఎవడిస్తడే? దొరకాలె."

నేను నిద్రలో ఉన్నట్టు ఊపిరి తీశాను. నాకు ఇరవై తొమ్మిది. అయితే ఏమిటి, నాకు మాత్రం వీసా ఎవరైనా చేతిలో పెట్టి పిలుస్తారా? నేను కూడా గెలవాలి.

18 అక్టోబర్, శుక్రవారం

గెలిచాను!

అక్షరాలు వంకర పోతున్నాయి, పోనీ. ఇంత గొప్ప ఆట నేను ఎప్పుడూ ఆడలేదు. అంతా రాస్తాను.

ఉదయకిరణ్ పంచాడు. చెంచయ్య సాక్షి. మొదటి గంట ప్లస్సులు అటూ ఇటూ తిరిగాయి. నా దగ్గర నలభై ఎనిమిది, భూమేష్ అన్న దగ్గర యాభై రెండు ఉన్నప్పుడు నాకు జత వచ్చింది. ఎనిమిది ఇస్పేటు, ఎనిమిది ఆటీను. నా ఎనిమిదులు! ఎంత కావాలో అంతే పెట్టి లోపలికి పోయాను. ఆయన నాలుగు పెంచాడు. సరే అన్నాను. దుప్పటి మీద మూడు ముక్కలు పడ్డాయి: రాజు ఆటీను, ఎనిమిది డైమను, మూడు కళావరు.

మూడో ఎనిమిది. మొహం బండలా పెట్టాను. నేను ఐదు పెట్టాను. భూమేష్ అన్న తన ముక్కలు మళ్లీ ఒకసారి ఎత్తి చూసుకుని ముందున్నదంతా తోశాడు. చేతిలో ఒక రాజు ఉంటుందని అప్పుడే పట్టేశాను. ఒక్క రాజు దొరికితే ఆయన ఆగడు. నేను కూడా అంతా తోసేసి ఎనిమిదులు తిప్పి చూపించాను. తర్వాత ఐదు, జాకీ పడ్డాయి. వాటితో ఎవరికీ పని లేదు.

ఆయన నా మూడు ఎనిమిదుల వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. నవ్వి తన ముక్కలు బోర్లా పడేశాడు. "నీదే తమ్మీ."

ఇంకా నాలుగు ప్లస్సులు మిగిలాయి ఆయనకు. వాటిని కూడా నా వైపు జరిపాడు. "ఇవ్వి కూడ తీస్కో. పంచాది ఒడిసిపోతది." నాలుగు ఉంటే నాలుగుతోనే గంట ఆడే మనిషి. బాగా కుంగిపోయాడు పాపం.

ఉదయకిరణ్ ముక్కలన్నీ పోగు చేసి బిస్కెట్ల డబ్బాలో పెట్టాడు. భూమేష్ అన్న లేచి చేతులు కడుక్కున్నాడు. "ఎక్కడికన్నా?" అన్నాను.

"ఓడినోడు వండాలె గద" అన్నాడు.

కూర చాలా బాగుంది. నాకు ఎందుకో రెండో ముద్ద దిగలేదు. సంతోషానికి ఆకలి చచ్చిపోతుందంటారు కదా, అదే అయి ఉంటుంది.

20 అక్టోబర్

న్యాయంగా గెలిచాను.

22 అక్టోబర్

భూమేష్ అన్న తన పనిముట్ల సంచి విప్పి రాగి గొట్టాల మూతి వెడల్పు చేసే టూల్ నాకు ఇచ్చాడు. పంతొమ్మిదేళ్ల కిందట కొన్నది. "జిద్దాల గాలికి ఉప్పెక్కువ, బయటి యూనిట్లు తొందరగ తింటది. కాయిల్ కడిగినంక నూనె రాయ్, మర్వకు" అన్నాడు. అర్ధగంట చెప్పాడు. తలకాయ ఊపాను.

ఇంటికి పోయి ఏం చేస్తావని అడగాలనుకున్నాను. అడగలేదు. ఈ వారం ఎవరూ పత్తాలు తీయలేదు. దిలావర్ భాయ్‌కు నా ఇఖామా కాపీ ఇంకా పంపలేదు. ఇరవై ఆరు దాకా టైముంది, తొందరేముంది?

25 అక్టోబర్, శుక్రవారం

పొద్దున భూమేష్ అన్న, చెంచయ్య కూరగాయలకు పోయారు. ఉదయకిరణ్ స్నానానికి పోయాడు. నేను నోటుబుక్ తీశాను. నా గొప్ప ఆటలో ఒక ఖాళీ ఉంది: ఎదుటివాడి ముక్కలు. నోటుబుక్‌లో ప్రతి ఆటకూ ఇద్దరి ముక్కలూ రాస్తాను, తెలియకపోతే గీత గీస్తాను. కానీ ఈ ఆటకు గీత ఉండటం నాకు నచ్చలేదు. రాజుతో పాటు ఇంకేం ఉండింది? పదా? ఆసా? ఎంత చెడ్డ ముక్కతో జిద్దా పోగొట్టుకున్నాడో తెలిస్తే ఆట నిండుగా ఉంటుంది. ఆ రోజు తర్వాత డబ్బా ఎవరూ ముట్టలేదు, ముక్కలు పోగు చేసినవి చేసినట్టే ఉంటాయి.

నియమం గుర్తుంది. అయినా మూత తీశాను.

పైన నా ఎనిమిదులు రెండూ ఉన్నాయి. వాటి కింద దుప్పటి మీద పడ్డ ఐదు: రాజు, ఎనిమిది, మూడు, ఐదు, జాకీ. వాటి కింద రెండు ముక్కలు బోర్లా ఉన్నాయి. తిప్పాను.

రాజు కళావరు. రాజు డైమను.

మూడు రాజులు. నావి మూడు ఎనిమిదులు. ఆయన ముక్కలు తిప్పి చూపించి ఉంటే నా నలభై ఎనిమిది ప్లస్సులూ పోయేవి. ఒక్కటి కూడా మిగిలేది కాదు. అంత పెద్ద మొనగాణ్ణి, నేను అక్కడే ఖతం. నడిమి జతకు ఉన్న ఒకే ఒక్క గండం అది, పెద్దది ఎదురుపడటం, అది సరిగ్గా ఆ రోజే పడింది. ఆ మనిషి దాన్ని బోర్లా పడేశాడు. రెండు, ఏడు కూడా పడేయని మనిషి.

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. వారం రోజులుగా ఈ నోటుబుక్‌లో నేను కోసిన కోతలన్నీ మళ్లీ చదివాను.

వాళ్లు వచ్చేసరికి దుప్పటి పరిచి తొమ్మిది ముక్కలూ వరుసగా పెట్టి కూర్చున్నాను.

"ఇవ్వేంది?" అన్నాను.

భూమేష్ అన్న కూరగాయల సంచి కింద పెట్టాడు. "బోర్ల పడ్డ ముక్కలు తిప్పినవా? నియమం యాడ పాయె?"

"నియమం సంగతి తర్వాత. మూడు రాజులు పట్టుకోని ఎట్ల ఓడినవ్? నా కండ్లల్ల మన్ను కొట్టినవ్ గదనే!"

చెంచయ్య వంగి ముక్కలు చూసి "అబ్బో" అని వెనక్కి జరిగాడు. భూమేష్ అన్న మెల్లగా అన్నాడు:

"నువ్వు సూపర్‌వైజర్‌వి గద తమ్మీ. ఉట్టిగ ఊర్లెకు ఎట్ల పోతవ్?"

"నీకెట్ల తెలుసు?"

"జూన్ల నుంచి తెలుసు. నీ భార్య ఊరంత లడ్డూలు పంచింది. మా ఊర్లె కూడ పంచింది. ముత్యవ్వకు రెండు అచ్చినయట. నిజమేనా అని నన్నడిగింది. నిజమే, మంచిగ చేస్తుండు అన్న."

నాలుగు నెలలు. నా పక్క మంచం మీద పడుకుని, నా అబద్ధానికి తను సాక్ష్యం చెప్పి, ఒక్కసారి కూడా నా ముందు నవ్వలేదు. ఏడుపు ఆపుకోలేకపోయాను. ముగ్గురి ముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

"మరి వదిన దగ్గు?" అన్నాను.

"ఇన్నేండ్లు సుట్టింది..." అని ఆపేశాడు.

ముక్కు తుడుచుకున్నాను. ఇప్పుడు నా వంతు ఆట. "అన్నా, దుప్పటి మీద తేలిందాని మీద మళ్ల మాట లేదన్నది ఎవరు?"

"నేనే. తేలింది. నువ్వు గెల్సినవ్."

"తేలింది ఇదీ" అని రాజుల మీద వేలు పెట్టాను.

"నేను సూపలే గద. సూపనిది లెక్కకు రాదు."

"చూపకుంట పడెయ్యొచ్చన్నది ఎవరికి? ఓడినోనికి! నువ్వే పెట్టినవ్ గద నియమం. గెల్సినోనికి బోర్ల పడేసే హక్కు యాడిది?"

ఉదయకిరణ్ తడి తలతో గుమ్మంలో నిలబడి అంతా వింటున్నాడు. "పాయింటే బ్రదర్" అన్నాడు. చెంచయ్య గొంతు సవరించుకుని "ఇంకేందయ్యా భూమేషూ, నీ నియమమే నిన్ను పట్టుకునిందే. రాజులే పెద్ద, నువ్వే పోవాల" అని తీర్పు చెప్పాడు.

భూమేష్ అన్న దుప్పటి మీద కూర్చున్నాడు. రాజులు రెండూ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "బద్మాష్‌గా" అన్నాడు నన్ను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

26 అక్టోబర్

దిలావర్ భాయ్‌కు భూమేష్ అన్న ఇఖామా కాపీ పంపాను. "ఔర్ తుమ్?" అని అడిగాడు. ఇంటికి పోతున్నానన్నాను.

తర్వాత భాగ్యలక్ష్మికి చేశాను. ఇది పెద్ద ఆట. అంతా ఒకేసారి తోసేశాను. "నేను సూపర్‌వైజర్‌ను కాదు. ఎన్నడు కాలే. ఏసీలు కడుగుత. కంపెనీ మూతపడుతున్నది, ఇంటికి వస్తున్న."

ఆమె అందుకుంది. "ఊరంత లడ్డూలు పంచిన గదనయ్యా! పంచేదాక ఊకున్నవ్, నోట్ల ఏం పెట్టుకున్నవ్? రేపు నేను నీళ్లకు ఏ మొకం పెట్టుకోని పోవాలె?" తిట్టినంత తిట్టి ఫోన్ పెట్టేసింది. అన్నీ పడాల్సినవే, పడ్డాను.

గంటకు మళ్లీ మోగింది.

"ఏ తారీకు వస్తున్నవ్?"

1 నవంబర్, శుక్రవారం

భూమేష్ అన్న కాగితాలు మారాయి. సాయంత్రం జిద్దా బస్సు. ఎల్లుండి నా విమానం. రాగి గొట్టాల టూల్ ఆయన సంచిలో తిరిగి పెట్టేశాను. ఊళ్లో ఏసీ పని మొదలుపెడతాను. మా జగిత్యాలలో వచ్చే ఎండాకాలం ఎన్ని దుకాణాలకు ఏసీలు పెడతారో నాకు తెలుసు. ఏడాదిలో నా కింద ఇద్దరు ఉంటారు, రాసి పెట్టుకోవచ్చు.

ముత్యవ్వ వదిన పొద్దున ఫోన్ చేసింది. దీపావళి దాకా ఆగలేదట, చాట నిన్ననే పొయ్యిలో పెట్టిందట. స్పీకర్‌లోనే విన్నాం, అందరం. ఈసారి గోడ వైపు తిరగలేదు.

ఆ ఆట ఈ రోజు సరిగ్గా రాస్తున్నాను. నాకు ఎనిమిదుల జత. భూమేష్ అన్నకు రాజుల జత. మూడో ఎనిమిది పడింది, మూడో రాజు కూడా పడింది. అంతా పెట్టాను. ఓడిపోయాను. ఆడటంలో తప్పేమీ చేయలేదు. రేపు అవే ముక్కలు వస్తే మళ్లీ అలాగే ఆడతాను.

ఓడినవాడు వండాలి. ఏప్రిల్ నుంచి మొదటిసారి గరిటె పట్టాను. భూమేష్ అన్న సాయానికి లేవబోతే కూర్చోమని కసిరాను. కోడికూరలో ఉప్పు ఎక్కువైంది, అడుగు కొంచెం మాడింది కూడా. ఉదయకిరణ్ మూడు గ్లాసుల నీళ్లు తాగాడు. చెంచయ్య పెరుగు కలుపుకున్నాడు.

భూమేష్ అన్న మాత్రం మూడుసార్లు అడిగి పెట్టించుకున్నాడు.